మూడుసార్లు దివాలా.. పెదవికి క్యాన్సర్.. అయినా ఆగలేదు! సాక్సోఫోన్ సృష్టికర్త అడాల్ఫ్ సాక్స్ జీవితమిదీ

గన్నవరం అయినా, బెజవాడ అయినా.. పెళ్లి ఊరేగింపులో బ్యాండ్ మేళం కదిలిందంటే అందరి చూపూ ఒక వాయిద్యం మీద పడుతుంది. మెలిక తిరిగిన మెడ, ఒళ్లంతా మీటలు, బంగారు రంగు. అదే సాక్సోఫోన్. వీణను, సన్నాయిని మొదట చేసిందెవరో కచ్చితంగా చెప్పలేం. కానీ సాక్సోఫోన్ అలా కాదు. చేసిన మనిషి పేరే దానికి పేరైంది. ఆయనే అడాల్ఫ్ సాక్స్. ప్రపంచమంతా మోగే ఈ వాయిద్యం ఆయనకు మాత్రం పెద్దగా డబ్బు మిగల్చలేదు.

గండాల బాల్యం

1814 నవంబర్ 6న బెల్జియంలోని దినాన్ పట్టణంలో పుట్టారు సాక్స్. అసలు పేరు ఆంత్వాన్ జోసెఫ్. తండ్రి షార్ల్ జోసెఫ్ పేరున్న వాయిద్యాల తయారీదారు. గన్నవరానికి దగ్గర్లోని నూజివీడులో వీణల పని పెద్దల దగ్గర్నుంచి పిల్లలకు ఎలా వస్తుందో, ఆ ఇంట్లోనూ అంతే. పిల్లాడికి పనిముట్లే ఆటవస్తువులు.

అయితే చిన్నప్పుడు ఆ పిల్లాడు బతుకుతాడని ఎవరూ అనుకోలేదట. మేడ మీద నుంచి పడ్డాడని, సూది మింగాడని, యాసిడ్ కలిసిన నీళ్లు తాగాడని, నదిలో పడి కొట్టుకుపోయాడని కథలు కథలుగా చెబుతారు. ఇన్ని గండాలు గడిచి, తండ్రి వర్క్‌షాప్‌లోనే పని నేర్చుకున్నాడు. 1838లో బేస్ క్లారినెట్‌ను మెరుగుపరిచి పేటెంట్ తీసుకున్నాడు. అప్పటికి పాతికేళ్లు కూడా నిండలేదు.

రెండింటికీ మధ్య కొత్త గొంతు

అప్పట్లో మిలటరీ బ్యాండ్లలో ఒక ఇబ్బంది ఉండేది. ఇత్తడి వాయిద్యాలు గట్టిగా మోగేవి. క్లారినెట్ లాంటి చెక్క వాయిద్యాలు మెత్తగా పలికేవి, ఆరుబయట వినపడేవి కావు. ఈ రెండింటి మధ్య ఉండే గొంతు కోసం సాక్స్ వెతికారు. క్లారినెట్‌లో ఉన్నట్టు ఒకే రెల్లు రీడ్ పెట్టారు. గొట్టాన్ని మాత్రం ఇత్తడితో, పైన సన్నగా, కిందికి పోయేకొద్దీ వెడల్పుగా చేశారు. అందుకే ఒళ్లంతా ఇత్తడే అయినా, సంగీత శాస్త్రంలో సాక్సోఫోన్‌ను చెక్క వాయిద్యాల వర్గంలోనే లెక్కేస్తారు.

1842లో ఆయన పారిస్ చేరారు. ప్రముఖ స్వరకర్త బెర్లియోజ్ ఆ వాయిద్యాన్ని మెచ్చుకుంటూ పత్రికలో రాశారు. 1845లో పారిస్ మైదానంలో పాత వాయిద్యాల బ్యాండ్‌కు, సాక్స్ వాయిద్యాల బ్యాండ్‌కు జనం ముందే పోటీ పెట్టారు. గెలుపు సాక్స్‌దే. ఫ్రెంచ్ సైన్యం తలుపులు తెరుచుకున్నాయి. 1846 జూన్ 28న సాక్సోఫోన్‌కు పేటెంట్ వచ్చింది.

గెలిచాకే అసలు కష్టాలు

సైన్యం ఆర్డర్లు ఒక్కరికే దక్కడంతో మిగతా తయారీదారులకు కడుపు మండింది. అంతా ఒక్కటై ఆయన పేటెంట్లు చెల్లవంటూ కోర్టుకెక్కారు. ఏళ్ల తరబడి కేసులే కేసులు. సంపాదన అంతా లాయర్లకే పోయింది. 1852లో మొదటిసారి దివాలా తీశారు. ఆ మరుసటి ఏడాదే పెదవికి క్యాన్సర్. ఊది చూసి స్వరం సరిచేసే మనిషికి పెదవే జీవనాధారం. ఆరేళ్లు బాధపడి, 1859 నాటికి ఆశ్చర్యంగా కోలుకున్నారు.

1857 నుంచి పారిస్ కన్సర్వేటరీలో సైనిక విద్యార్థులకు సాక్సోఫోన్ నేర్పారు. 1870లో ప్రష్యాతో యుద్ధం రావడంతో ఆ క్లాసు మూతపడింది. అక్కడ మళ్లీ సాక్సోఫోన్ క్లాసు మొదలవడానికి 1942 దాకా ఆగాల్సి వచ్చింది. ఈలోగా పేటెంట్ గడువు కూడా తీరిపోయింది. ఇక ఎవరైనా సాక్సోఫోన్ చేసుకోవచ్చు, సాక్స్‌కు పైసా ఇవ్వక్కర్లేదు. 1873లో, 1877లో మళ్లీ దివాలా. ఎన్నో ఏళ్లుగా పోగేసుకున్న పాత వాయిద్యాలు వేలానికి పోయాయి. 1894 ఫిబ్రవరి 7న పారిస్‌లో ఆయన కన్నుమూశారు. జాజ్ సంగీతం తన వాయిద్యాన్ని నెత్తిన పెట్టుకోవడం చూడకుండానే వెళ్లిపోయారు.

వర్క్‌షాప్ చేతులు మారింది

తండ్రి తర్వాత కొడుకు అడాల్ఫ్ ఎడ్వార్డ్ వర్క్‌షాప్ నడిపారు. 1929లో దాన్ని పారిస్‌కే చెందిన సెల్మర్ సంస్థ తీసుకుంది. 1885లో మొదలైన ఆ సంస్థ పేరు ఇప్పటికీ సాక్సోఫోన్ వాయించేవాళ్లకు బాగా తెలుసు. 1954లో వచ్చిన మార్క్ 6 మోడల్ కోసం ఇంకా వెతికేవాళ్లున్నారు.

మన దగ్గరికొస్తే, కద్రి గోపాల్‌నాథ్ ఈ పాశ్చాత్య వాయిద్యం మీద కర్ణాటక సంగీతంలోని గమకాలు పలికించి ఔరా అనిపించారు. 2004లో పద్మశ్రీ అందుకున్నారు.

కొనేవాళ్లు ఏం చూడాలి?

సాక్సోఫోన్లలో సోప్రానో, ఆల్టో, టెనర్, బారిటోన్ ఎక్కువగా కనిపిస్తాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లకు చాలామంది గురువులు ఆల్టోనే చెబుతారు. బరువు మరీ ఎక్కువ కాదు, చేతికి అందుతుంది, ఊపిరి కూడా సరిపోతుంది. పాత కంపెనీ పేరు చూసి తొందరపడితే కష్టమే. మీట నొక్కితే ప్యాడ్ రంధ్రాన్ని పూర్తిగా మూస్తోందా, గాలి కారుతోందా, అట్టడుగు స్వరం మెల్లగా ఊదినా పలుకుతోందా.. ఇవి ముందు చూసుకోవాలి. సెకండ్ హ్యాండ్‌ది అయితే వాయించడం వచ్చిన మనిషిని వెంట తీసుకెళ్లడం మేలు.

సాక్స్ కూడా జీవితమంతా చూసింది అదే. పేరు కాదు, పలికే గొంతు. అందుకే కేసులు, అప్పులు ఎప్పుడో పోయినా.. ఆ గొంతు మాత్రం నేటికీ మోగుతూనే ఉంది.