స్థానబలిమి నెఱిగిన శాస్త్రజ్ఞుడు: థియోడర్ బోవెరి

చక్రాయపేట ప్రాంతపు రైతునకు ఒక సత్యము అనుభవమున తెలిసియే యుండును. విత్తన మొక్కటే యైనను ఎఱ్ఱనేలలో దాని పోకడ వేఱు, నల్లరేగడిలో వేఱు. కంటి కానని జీవకణములోను ఇట్టి స్థానబలిమి కలదని తొలుత గ్రహించినవారిలో అగ్రగణ్యుడు జర్మనీ దేశీయుడగు థియోడర్ బోవెరి.

ఆయన 1862 అక్టోబరు 12వ తేదీన బవేరియాలోని బాంబెర్గ్ నగరమున జన్మించెను. విద్యుద్యంత్రములకు పేరుపొందిన బ్రౌన్ బోవెరి సంస్థ స్థాపకులలో నొకడగు వాల్టర్ ఆయన సోదరుడు. థియోడర్‌కు చిత్రలేఖనము, సంగీతము ప్రాణప్రదములు. మ్యూనిక్ విశ్వవిద్యాలయమున చరిత్ర, తత్త్వశాస్త్రములతో చదువు మొదలిడి, పిదప శరీరనిర్మాణ శాస్త్రమునకు మరలి, 1885లో డాక్టరు పట్టము నందెను. 1893లో వూర్ట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడై, తుదివరకు అచ్చటనే యుండెను.

ఆనాడు శాస్త్రలోకమును ఒక సందేహము వేధించుచుండెను. కణము చీలునపుడు దాని కేంద్రకములో క్రోమోసోములు దారపు పోగులవలె కనబడును. చీలిక ముగియగానే కరగిపోయినట్లు మాయమగును. అవి నిజముగా నశించుచున్నవా, లేక కానరాకయే నిలిచియున్నవా? నశించునవే యైనచో, తల్లిదండ్రుల లక్షణములను బిడ్డలకు అందించునవి అవియే యని చెప్పుటకు వీలుండదు.

బోవెరి గుఱ్ఱపు ప్రేవులలో పెరుగు ఏలికపాము పిండములను పరిశీలనకు గైకొనెను. వాని క్రోమోసోములు మిక్కిలి కొద్ది; కావున తేటగా లెక్కింపవచ్చును. ఒక కణము నుండి పుట్టిన జంట కణములలో వాని అమరిక అద్దములోని ప్రతిబింబమువలె సరిపోవుచుండెను. మరల చీలిక సమీపించినపుడు, మాయమైన చోటనే అవి పొడసూపెను. ఇరువదేండ్ల పరిశీలన పిమ్మట, ప్రతి క్రోమోసోమునకును కేంద్రకములో తనదైన నెలవు కలదని 1909లో సవివరముగా నిరూపింప యత్నించెను.

ఆ పిండములలోనే మఱియొక వింత కలదు. శరీరభాగములు కానున్న కణములలో క్రోమోసోముల కొంత భాగము తెగిపోవును. సంతానబీజము కానున్న కణములో మాత్రము అవి సంపూర్ణముగా మిగులును. అండములో ఏ భాగపు జీవద్రవ్యము కేంద్రకమునకు లభించినదో దానినిబట్టియే ఈ భేదము కలుగునని ఆయన ప్రయోగములు తేల్చెను.

నేపుల్స్ సముద్రతీరమున సీ అర్చిన్ అను ముండ్ల జీవి అండములపై చేసిన ప్రయోగములు 1902లో వెలువడెను. రెండు శుక్రకణములు చొచ్చిన అండములందు క్రోమోసోములు తారుమారుగా పంపకమై, పిండములు పెక్కు వికృతములై నశించెను. సంఖ్య చాలదు, ప్రతి క్రోమోసోమును ఉండితీరవలెనని ఆయన నిశ్చయించెను. ఈ క్రమభంగమే కాన్సరు వ్రణములకు మూలము కావచ్చునని 1914లో ఒక గ్రంథము వ్రాసెను.

ఈ కృషిలో ఆయనకు తోడైనది అమెరికా వనిత మార్సెల్లా ఓ గ్రేడి. పరిశోధనకై వూర్ట్స్‌బర్గ్ వచ్చిన ఆమెను 1897లో ఆయన వివాహమాడెను. బెర్లిన్‌లో స్థాపింపబడుచున్న కైజర్ విల్‌హెల్మ్ జీవశాస్త్ర సంస్థకు అధిపతి కమ్మని పిలుపు వచ్చినను, అనారోగ్యము వలన 1913లో నిరాకరించెను. మహాయుద్ధము సాగుచుండగా, ఏబదిమూడేండ్లు నిండిన మూడవనాడు, 1915 అక్టోబరు 15వ తేదీన కన్నుమూసెను. భర్త కాన్సరు గ్రంథమును ఆమె ఆంగ్లీకరించి 1929లో ప్రకటించెను.

క్రోమోసోముల నెలవులను గూర్చిన భావము మాత్రము చిరకాలము మరుగున పడెను. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినికిని ఆ హద్దులు తోపకపోవుటచే పలువురు దానిని విడిచిపెట్టిరి. తుదకు జర్మనీలోనే క్రెమర్ సోదరులు సూక్ష్మకిరణములతో కేంద్రకమును తాకి పరీక్షింపగా, 1980 దశకము నాటికి బోవెరి మాటయే నిజమని తేలెను. కేంద్రకపు అంచున నున్న జన్యువులు తఱచు మౌనము వహించుననియు, పిండము పెరుగుకొలది కొన్ని జన్యువులు చోటు మార్చుకొనుననియు ఈనాడు తెలియవచ్చినది. హైదరాబాదులోని కణ, అణుజీవశాస్త్ర కేంద్రమునందును ఈగల పిండములలో ఇట్టి అమరికపై పరిశోధనలు జరిగినవి. కొలది క్రోమోసోముల పురుగును నమ్మి బోవెరి వేసిన విత్తు, తగిన నేల దొరకువఱకు ఓపికతో వేచియుండెను.