పలుగు పట్టిన పాదిరి: జాన్ ఫ్రెడరిక్ ఓబెర్లిన్



పాదిరిగారి పని ప్రసంగపీఠమువద్ద ముగియునా, పొలము గట్టువరకు పోవలెనా? ఈ ప్రశ్న మన సంఘములలో అప్పుడప్పుడు వినబడుచుండును. గుడి పని దేవునిదనియు, బాట పని సర్కారుదనియు మనము పంచిపెట్టుకొనుట వాడుక. ఆ పంపకమును ఒప్పుకొనక, ఒక్క కొండసీమలోనే 59 సంవత్సరములు కాపరిగా నుండిన దైవజనుని చరిత్ర ఈ నెల చదువుకొందము.

ఆయన పేరు జాన్ ఫ్రెడరిక్ ఓబెర్లిన్. 1740 ఆగస్టు 31న స్ట్రాస్‌బర్గ్ పట్టణములో జన్మించెను. తండ్రి ఉపాధ్యాయుడు. ఓబెర్లిన్ వేదశాస్త్రము చదివి, సైన్యములో పాదిరిగా పోవుటకు సిద్ధపడుచుండగా, స్టూబర్ అను కాపరి ఆయనను వెదకుకొనుచు వచ్చెను. ఫ్రాన్సు దేశపు వోజ్ పర్వతములలో బాన్ ద లా రోష్ అను బీదసీమయందు స్టూబర్ పనిచేయుచుండెను. తాను మొదట అక్కడికి పోయినప్పుడు బడిపంతులు ఒక ముసలివాడు. పందులు కాయుటకు ఓపిక చాలనందున అతనిని పిల్లలను కాయుటకు పెట్టియుండిరి! అతనికే అక్షరములు రావు. స్టూబర్ అక్కడ మంచి బడులకు నాంది వేసెను. ఆ పనిని కొనసాగించువాడు కావలసియుండెను. 1767లో ఓబెర్లిన్ ఆ కొండలెక్కి వాల్డర్స్‌బాఖ్ గ్రామములో కాపురముండెను.

వెళ్లినవెంటనే పూలదండలు పడలేదు. కొత్త పద్ధతులు గిట్టనివారు కొందరు దారికాచి ఆయనను కొట్టవలెనని యోచించిరి. ఆ సంగతి ఆయనకు తెలిసెను. ఆ ఆదివారము కీడును సహించుటను గూర్చి బోధించి, ఆరాధన ముగియగానే వారు కూడియున్న యింటికి ఒంటరిగా పోయి, తానే వారి చేతికి చిక్కెనని ఆయన జీవితచరిత్రలు చెప్పుచున్నవి. వారు సిగ్గుపడి క్షమాపణ వేడుకొనిరట.

ఆ సీమలో చలికాలము బహు దీర్ఘము. వసంతము వచ్చి మంచు కరగునప్పుడు వాగులు పొంగి, చరియలు విరిగి, ఉన్న కాలిబాటయు పోవుచుండెను. పండిన పంటను అమ్ముకొనుటకు, పనిముట్టు కొనుటకు పట్టణమునకు దారి లేదు. బండిబాట వేయుదమని ఓబెర్లిన్ చెప్పగా, అది మనచేత కాదని అందరును తల ఊపిరి. ఆయన వాదింపలేదు. పలుగు భుజమున వేసుకొని తానే పోయి త్రవ్వ నారంభించెను. పాదిరిగారు రాళ్లు మోయుచుండగా ఇంట కూర్చుండుటకు ఎవరికి మనసొప్పును? ఒక్కొక్కరే గడ్డపారలతో వచ్చిరి. చరియలు జారకుండ గోడలు కట్టిరి. బ్రూష్ నదిమీద వంతెన వేసిరి. దానికి ధర్మవంతెన యని పేరు వచ్చెను.

సేద్యములోను ఆయన త్రోవ ఇదే. పట్టణమునుండి వచ్చిన పాదిరి తమకు వ్యవసాయము నేర్పుటయా యని రైతులు నవ్వుకొనిరి. కావున జనులు నడచు దారిప్రక్కనున్న పాదిరి భూమిలోనే లోతుగా గుంటలు తీయించి, ఎరువు వేసి, పండ్లచెట్లు నాటించెను. రాళ్లనేలలో ఆ చెట్లు చిగిర్చుట చూచి వారే వచ్చి అడిగిరి. అడిగినవారికి అంట్లు కట్టుట నేర్పెను. క్షీణించిన బంగాళదుంప విత్తనమునకు బదులు కొత్త విత్తనము తెప్పించెను. చెత్త, ఆకులు పారవేయక పెంటగా మార్చుట చూపించెను. 1818లో పారిసులోని వ్యవసాయ సంఘము ఆయనకు బంగారు పతకమిచ్చెను.

పెద్దలు పొలమునకు పోవు వేళ పసిపిల్లలు వీధిపాలగుచుండిరి. బెల్మాంట్ గ్రామములో సారా బాన్జె అను యువతి పిల్లలను చేరదీసి అల్లిక నేర్పుచుండెను. ఆమె తండ్రికి అది యిష్టములేదు. ఓబెర్లిన్ ఆయనను ఒప్పించి, ఆ పనిని తక్కిన గ్రామములకును వ్యాపింపజేసెను. పసిపిల్లల బడులకు ఇది తొలి మాదిరులలో ఒకటి. ఆయన భార్య మాడలీన్ ఇందులో కుడిభుజముగా నుండెను.

1783లో ఆమె మరణించెను. ఏడుగురు పిల్లలతో ఆయన మిగిలెను. అప్పుడు ఇంటి పనిపిల్ల లూయీజ్ షెప్లర్ ఆ యింటిని, బడులను మోసెను. తరువాత ఆమె జీతమును నిరాకరించి, తనను కుమార్తెగా ఎంచుకొమ్మని కోరెను. 1829లో ఫ్రెంచి అకాడమీ ఆమెకు సుగుణ బహుమానమిచ్చెను. గొప్ప కాపరి పేరు వెనుక ఇట్టి స్త్రీల చేతులున్నవని మనము మరువరాదు.

ఫ్రెంచి విప్లవకాలమున ఆరాధనలు నిషేధింపబడెను. 1794లో ఆయనను పట్టుకొనిపోయి, కొద్దికాలమునకు విడిచిపెట్టిరి. మరల వచ్చి తన మందలోనే నిలిచెను. 1826 జూన్ 1న ప్రభువునందు నిద్రించెను. ఫూదె గ్రామములో ఆయనను సమాధి చేసినప్పుడు రోమను కథోలికులును దుఃఖించిరి.

ప్రియులారా, విత్తువాని ఉపమానమును మత్తయి 13వ అధ్యాయములో మరల చదువుడి. రాతినేలను చూచి, ఇక్కడ ఏమియు మొలవదని మనము విడిచిపోవుదుము. ఓబెర్లిన్ మోకాళ్లూని, ఒక్కొక్క సంఘస్థుని పేరు చెప్పి ప్రార్థించి, తరువాత లేచి రాళ్లేరెను. ప్రార్థన లేక పలుగు పట్టినవాడు త్వరలో అలసిపోవును. పలుగు ముట్టక ప్రార్థించినవాడు పొరుగువాని భారమును చూడనే చూడడు.

మీ పేటలో వానకు తెగిపోవు బాట ఏది? బడికి పోని బిడ్డ ఎవరు? వచ్చే ఆదివారము ఆరాధన పిమ్మట సంఘపెద్దలు ఈ రెండు ప్రశ్నలు అడుగుకొని, ఒక్కదానికైనను చేయి వేయుదురు గాక. ప్రభువు మీ పనిని దీవించును గాక. ఆమేన్.