పది గోల్స్ కన్నా విలువైన ఒక్క గోల్: రూప్ సింగ్

1932 ఆగస్టు 11న లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టు 24-1 గోల్స్‌తో అమెరికాను ఓడించింది. వాటిలో 10 గోల్స్ ఒక్క ఆటగాడివే. ఆయన ధ్యాన్‌చంద్ కాదు, ఆయన తమ్ముడు రూప్ సింగ్. అన్నగారు ఆ రోజు చేసినవి 8.

రూప్ సింగ్ జన్మస్థలం జబల్‌పూర్. ఉక్కు కర్మాగారం రాకముందు భిలాయ్ చిన్న గ్రామంగా ఉన్న రోజుల్లో, అది చేరిన దుర్గ్ జిల్లా, జబల్‌పూర్ రెండూ సెంట్రల్ ప్రావిన్సెస్‌లోనివే. 2000లో ఛత్తీస్‌గఢ్ ఏర్పడే వరకు ఆ బంధుత్వం మధ్యప్రదేశ్ పేరుతో నిలిచింది. తండ్రి సైన్యంలో పనిచేసేవారు. కుటుంబం ఝాన్సీలో స్థిరపడింది. రూప్ సింగ్ అక్కడే ఆట నేర్చి, ఝాన్సీ హీరోస్ జట్టుకు ఆడారు. లాస్ ఏంజెలెస్ ప్రయాణానికి తగిన దుస్తులు లేవని ఆయన వెనుకాడితే, అన్నగారే కుట్టించి ఇచ్చారని చెబుతారు.

నిజం చెప్పాలంటే, ఆ ఒలింపిక్స్ హాకీలో పోటీపడినవి మూడే జట్లు. ఆర్థిక మాంద్యం వల్ల ఐరోపా జట్లు రాలేదు. అమెరికన్లకు ఈ ఆటలో అనుభవం తక్కువ. కనుక పది గోల్స్ లెక్క ఎంత ఘనమైనదైనా, రూప్ సింగ్ ప్రతిభకు అసలు కొలబద్ద నాలుగేళ్ల తరువాత బెర్లిన్‌లో దొరికింది.

అక్కడ భారత్‌కు ఆరంభమే చేదుగా మారింది. 1936 జూలై 17న సన్నాహక పోటీలో జర్మన్ల చేతిలో 4-1తో ఓటమి ఎదురైంది. కలవరపడిన జట్టు స్వదేశం నుంచి దారాను హుటాహుటిన రప్పించుకుంది. ఫైనల్లో ప్రత్యర్థి మళ్లీ జర్మనీయే. వర్షం వల్ల ఆట ఒకరోజు వాయిదా పడి, ఆగస్టు 15న జరిగింది. తడిసిన మైదానంలో బంతి సాగలేదు. చాలాసేపు గోలే రాలేదు. చివరకు ఆ ప్రతిష్టంభనను ఛేదించినది రూప్ సింగ్. ప్రథమార్ధంలో నమోదైనది ఆ ఒక్క గోల్ మాత్రమే. విరామం తరువాత ధ్యాన్‌చంద్ బూట్లు విప్పి ఆడారు, గోల్స్ వరుసకట్టాయి, ఆట 8-1తో ముగిసింది. లోకం గుర్తుపెట్టుకున్నది మాత్రం ఆ రెండో అర్ధభాగాన్నే.

ఇన్‌సైడ్ లెఫ్ట్ స్థానంలో ఆడే రూప్ సింగ్ తనకన్నా మేటి అని ధ్యాన్‌చంద్ భావించేవారు. అన్న మాటగా దీన్ని కొట్టివేయలేము. పక్కనే నిలిచి ఆడినవారికన్నా ఎవరికి తెలుస్తుంది?

1940, 1944 ఒలింపిక్స్ యుద్ధం కారణంగా రద్దయ్యాయి. దాంతో ఆయన ఒలింపిక్ జీవితం బెర్లిన్‌తోనే ఆగిపోయింది. గ్వాలియర్ సంస్థాన సైన్యంలో పనిచేసిన ఆయన 1977లో కన్నుమూశారు. అన్న జన్మదినం ఆగస్టు 29 నేడు జాతీయ క్రీడా దినోత్సవం. తమ్ముడి పేరును గ్వాలియర్‌లోని కెప్టెన్ రూప్ సింగ్ స్టేడియం మోస్తోంది. ఒకప్పుడు హాకీ ఆడిన ఆ మైదానం క్రమంగా క్రికెట్‌కు మారింది. 2010 ఫిబ్రవరి 24న సచిన్ టెండూల్కర్ పురుషుల వన్డేల్లో తొలి డబుల్ సెంచరీ సాధించినది అక్కడే.