కోడి రామ్మూర్తి నాయుడు: ఊపిరిని పెట్టుబడిగా పెట్టిన కలియుగ భీముడు

పోయిన వీడియో కింద మంచిర్యాల నుంచి ఒక తమ్ముడు అడిగిండు: అక్కా, యోగా టీచర్ ట్రైనింగ్ చేసి మా ఊర్లో స్టూడియో పెడదామనుకుంటున్నా, మన తెలుగువాళ్లలో ముందు ఇట్లా చేసినవాళ్లు ఎవరన్నా ఉన్నారా అని. సరిగ్గా యోగా స్టూడియో అని కాదు కానీ, దానికి బాగా దగ్గరగా వచ్చిన మహానుభావుడు ఒకాయన ఉన్నారు. వీడియోలో టైమ్ సరిపోలేదు, అందుకే ఇక్కడ రాస్తున్న.

ఆయనే కోడి రామ్మూర్తి నాయుడు గారు. 1882లో వీరఘట్టంలో పుట్టారు. అది ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. చిన్నప్పుడే తల్లి పోయింది. తండ్రి వెంకన్న నాయుడు గారు పిల్లవాడిని విజయనగరంలో ఉన్న తమ్ముడు నారాయణస్వామి గారి దగ్గరికి పంపారు. చదువు మీద ధ్యాస తక్కువ, కుస్తీ మీద ఎక్కువ. మన కరీంనగర్ పాత గల్లీల్లో తాతలు తాలీంఖానా అంటారు చూడండి, హనుమంతుడి పటానికి దండం పెట్టి మట్టిలోకి దిగడం, దండీలు, బస్కీలు తీయడం, అదే ఆయన బడి. ఆ రోజుల్లోనే ఒక సాధువు ఆయనకు మంత్రోపదేశం చేసి ప్రాణాయామం నేర్పారని చెప్పుకుంటారు.

ఇక్కడ ఒక సంగతి చాలామంది గమనించరు. రామ్మూర్తి గారు ఎంత బలమున్నా సరే, ముందు టీచర్ ట్రైనింగ్ చేశారు! మద్రాసు సైదాపేటకు పోయి ఏడాది పాటు వ్యాయామ ఉపాధ్యాయ శిక్షణ తీసుకుని, విజయనగరం తిరిగొచ్చి హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేరారు. ఇప్పుడు మనకు 200 గంటల కోర్సు, సర్టిఫికెట్, ఫ్రేమ్ కట్టించి గోడకు తగిలించడం ఉన్నాయి కదా, అప్పటి పద్ధతిలో ఆయనకూ అది ఉందన్నమాట. కాలం కూడా చూడండి. లోనావ్లాలో కువలయానంద స్వామి కైవల్యధామ మొదలుపెట్టింది 1924లో. మైసూరులో కృష్ణమాచార్యుల వారి యోగశాల 1933లో. మన రామ్మూర్తి గారు వాళ్లందరికంటే ముందే జనానికి ఊపిరి మహిమ చూపిస్తున్నారు.

నెల జీతంతో ఎన్నాళ్లని? పొట్టి పంతులు అనే మిత్రుడి సాయంతో సర్కస్ కంపెనీ పెట్టారు. అసలు కథ ఇక్కడే ఉంది. అప్పటికే యూజిన్ శాండో అనే జర్మనీ వస్తాదు కండల ప్రదర్శనలు, పోస్టులో వ్యాయామ పాఠాలు అమ్మి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాడు. 1904, 1905లలో మన దేశమంతా తిరిగి వెళ్లాడు కూడా. తెల్లవాడి బలం ముందు మనవాళ్లు ఏపాటి అనుకునే రోజులవి. అట్లాంటప్పుడు ఒక తెలుగాయన, శాకాహారి, డేరాలో పడుకుని ఛాతీ మీద చెక్క పెట్టించుకుని, దాని మీద ఏనుగును నిలబెట్టించుకుంటే జనం టికెట్ కొనరా మరి! గుండె నిండా గాలి పీల్చి ఒంటికి చుట్టిన ఇనుప గొలుసు తెంపడం, రెండు భుజాలకు రెండు కార్లు కట్టించుకుని కదలనీయకుండా ఆపడం. చెక్క వేస్తే బరువు పరుచుకుంటుంది కదా అని కొందరు తీసిపారేస్తారు. నిజమే, పరుచుకుంటుంది. కానీ చెక్క కింద ఊపిరి బిగబట్టి ఉన్నది మనిషే. ఆయన మాత్రం ఎప్పుడూ కండల గురించి కాదు, ప్రాణాయామం గురించే చెప్పేవారట.

పుణెలో లోకమాన్య తిలక్ ఆయనకు మల్లమార్తాండ బిరుదు ఇచ్చారు. వైస్రాయ్ మింటో కారును తాళ్లతో పట్టి ఆపారని, లండన్‌లో రాజదంపతుల ముందు ప్రదర్శన చేసి ఇండియన్ హెర్క్యులస్ అనిపించుకున్నారని, స్పెయిన్‌లో ఎద్దు కొమ్ములు పట్టి పడేశారని ఉత్తరాంధ్రలో ఇప్పటికీ చెప్పుకుంటారు. డబ్బు లక్షల్లో వచ్చింది. వచ్చినట్టే దానధర్మాలకు పోయింది.

నాకు మాత్రం ఆయన చివరి రోజులే ఎక్కువ గుర్తుంటాయి. కాలికి పుండు లేచింది, మానలేదు. కాలు తీసేయాల్సి వచ్చింది. మత్తుమందు వద్దని, ప్రాణాయామంలో ఉండి ఆపరేషన్ చేయించుకున్నారని చెబుతారు. (మీరెవరూ ఇట్లాంటిది ప్రయత్నించకండి, డాక్టర్ మాట వినండి.) అంతటి నిగ్రహం ఉన్న మనిషే, కానీ కంపెనీ? ఏనుగుకు రోజూ మేత కావాలి, డేరాకు మనుషులు కావాలి, ఊరూరా తిరగడానికి రైలు ఖర్చు కావాలి. జనం టికెట్ కొనేది రామ్మూర్తి గారి ఛాతీ చూడటానికి. ఆ ఒక్క ఒళ్లు పడిపోతే ఇంకేముంది! ఆయన స్థానంలో నిలబడేంత పేరున్న శిష్యుడు తయారు కాలేదు. కృష్ణమాచార్యుల వారి మైసూరు యోగశాల 1950లో మూతపడింది, అయినా ఆయన నేర్పిన అయ్యంగార్, పట్టాభి జోయిస్, ఇంద్రాదేవి ఎవరి బడి వాళ్లు నడిపించారు. మంచిర్యాల తమ్ముడూ, నీ స్టూడియోలో నువ్వు జ్వరంతో పడుకున్న రోజు పొద్దున బ్యాచ్ ఎవరు తీసుకుంటారో ముందే ఆలోచించుకో.

రామ్మూర్తి గారు చివరి కాలం ఒడిశాలోని బలంగీర్‌లో, పట్నా సంస్థానం రాజావారి ఆదరణలో గడిపారు. 1942 జనవరిలో, సంక్రాంతి రోజుల్లో, అక్కడే కన్నుమూశారు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. విశాఖ బీచ్ రోడ్డులో విగ్రహం ఉంది. ఈసారి వైజాగ్ పోతే సెల్ఫీ దిగి మాకు పంపండి, వచ్చే వీడియోలో చూపిస్తాం.