దూరపు పల్లెవారును మన పొరుగువారే

పఠన భాగము: లూకా 10:25–37

దారిలో గాయపడియున్న వాడు ఏ జాతివాడో, ఏ ఊరివాడో మంచి సమరయుడు విచారింపలేదు. ఈ ఉపమానము రాజ్యములకు కూడ వర్తించునా? వర్తించునన్నట్లు నడువజూచిన ఒక ప్రధాన మంత్రి జీవితమును ఈ నెల ధ్యానింతము.

విలియం ఎవర్ట్ గ్లాడ్‌స్టను 1809 డిసెంబరు 29న ఇంగ్లండులోని లివర్‌పూలు పట్టణములో జన్మించెను. యౌవనమున బోధకుడు కావలెనని ఆశించెను గాని, తండ్రి ఇష్టము చొప్పున 1832లో పార్లమెంటు సభ్యుడాయెను. ఆ తండ్రికి డెమరారా దేశమున చెరకు తోటలును బానిసలును ఉండిరి. 1833లో బానిసత్వమును గూర్చి చర్చ వచ్చినపుడు కుమారుడు తోటల యజమానుల పక్షముననే మాటలాడెను. ఈ మచ్చను మనము దాచనక్కరలేదు. దేవుడు ఆయన మనస్సాక్షిని ఒక్క దినమున కాదు, అనేక సంవత్సరములలో మేల్కొలిపెను.

1840లో నల్లమందు వర్తకము నిమిత్తము ఇంగ్లండు చైనాతో యుద్ధమునకు దిగగా, అది అన్యాయమని ఆయన పార్లమెంటులో ఎదిరించెను. 1850లో కుమార్తె కంటిజబ్బు నిమిత్తము ఇటలీలోని నేపుల్సునకు వెళ్లెను. అచ్చటి రాజు తన్ను ఎదిరించిన వారిని సంకెళ్లతో చెరసాలలలో వేసియుండెను. గ్లాడ్‌స్టను ఆ చెరసాలలకు స్వయముగా వెళ్లి చూచెను. చూచినదానిని 1851లో ఉత్తరములుగా ప్రకటించెను. విదేశాంగ మంత్రి పామర్‌స్టను వాటి ప్రతులను యూరపులోని రాజాస్థానములకు పంపించెను.

1876లో బల్గేరియా ప్రజలు టర్కీ సుల్తానుపై తిరుగబడిరి. సుల్తాను పక్షపు దండులు వేలమందిని చంపెను. బటాక్ అను ఊరిలో గుడిలో దాగిన వారిని సహితము విడువలేదు. రష్యా బలపడునని, హిందూదేశపు మార్గమునకు చేటు కలుగునని తలంచి, ప్రధాన మంత్రి డిజ్రేలీ టర్కీ పక్షముననే ఉండి ఆ వార్తలను తేలికగా త్రోసివేసెను. అప్పటికి గ్లాడ్‌స్టను నాయకత్వము విడిచి ఇంటనుండెను, వయస్సు 66. నడుము నొప్పితో పడకమీద నుండియే ఒక చిన్న పుస్తకము వ్రాసెను. ఆ నెలలోనే రెండు లక్షల ప్రతులు అమ్ముడుపోయెను. అందులో తురుష్క జాతినంతటిని దూషించిన మాటలును కలవు, అది తగదు. అయినను ప్రజల మనస్సు కదలెను. 1854లో టర్కీ కొరకు రష్యాతో పోరాడిన ఇంగ్లండు, 1877లో ఆ రెండు రాజ్యములకు యుద్ధము వచ్చినపుడు టర్కీ కొరకు కత్తి దూయలేదు.

1879లో స్కాట్లండు ప్రజల యెదుట ఆయన ఆఫ్ఘనిస్థానము సంగతి ఎత్తెను. అచ్చట ఆంగ్ల సైన్యము యుద్ధము చేయుచుండెను. మంచు కప్పిన ఆ కొండ పల్లెలవారి ప్రాణము, వినుచున్నవారి ప్రాణమువలెనే దేవుని దృష్టికి పవిత్రమైనదని చెప్పెను. 1880లో రెండవమారు ప్రధాన మంత్రియై, మరుసటి సంవత్సరము కాందహారునుండి సేనను రప్పించెను.

అయితే 1882లో ఆయన ప్రభుత్వమే ఈజిప్టులోని అలెగ్జాండ్రియా పట్టణముపై ఫిరంగులు ప్రేల్చి, ఆ దేశమును ఆక్రమించెను. అది సహింపక ఆయన స్నేహితుడు జాన్ బ్రైటు మంత్రిపదవి విడిచెను. ఇతరుల పాపమును చూచినంత తేటగా మన పాపమును చూచుట ఎంత కష్టము!

1896లో, 86 ఏండ్ల వయస్సున, పదవి లేకున్నను, ఆర్మీనియనుల హత్యలను గూర్చి లివర్‌పూలులో మాటలాడెను. అదియే ఆయన చివరి గొప్ప ఉపన్యాసము. 1898 మే 19న నిద్రించెను.

ప్రియ చదువరులారా, మనకు రాజ్యాధికారము లేదు. అయినను ప్రక్క పల్లెలో ఇండ్లు కాలినప్పుడు, అవతలి పేటవానికి అన్యాయము జరిగినప్పుడు, వాడు మనవాడు కాడని తలుపు వేసికొందుమా? లేక లేచి వెళ్లి చూతుమా?