పుప్పొడి గుట్టు విప్పిన వైద్యుడు

గుంటూరు మిరప యార్డులో టిక్కీ మూతి విప్పినప్పుడు కూలివాడు తుమ్ముతాడు, బేరమునకు వచ్చిన వర్తకుడు తుమ్ముతాడు, దారిన పోయేవాడును తుమ్ముతాడు. కల్లములో ముచ్చికలు తీయు స్త్రీలు పమిట చెంగు ముక్కుకు అడ్డము పెట్టుకొంటారు. అది మిరప ఘాటు. దానికి తన పర భేదము లేదు. కాని మరియొక తుమ్ము కలదు. ఇంటిల్లిపాదిలో ఒక్కరినే అది పట్టుతుంది. ఏటేట కొన్ని నెలలలోనే వస్తుంది. తెల్లవారగనే వరుసగా పది, ఇరువది తుమ్ములు. కండ్ల దురద, ముక్కు వెంట నీరు. కొందరికి ఆపై పిల్లికూతలు. ఒంటిలో వేడి ఉండదు. పెద్దలు దానిని పడిశమన్నారు, పెరుగు పడలేదన్నారు, మంచు తగిలినదన్నారు. ఐరోపాలో దానికి ఎండుగడ్డి జ్వరమని పేరు పెట్టినారు. పేరు పెట్టినారే గాని, కారణమును మాత్రము చాలకాలము ఎరుగరు. ఆ కారణమును ప్రయోగముచే నిరూపించినవాడు చార్లెస్ హారిసన్ బ్లాక్లీ. అతడు హోమియో వైద్యుడు. ఆ వ్యాధితో తానే బాధపడినవాడు.

బ్లాక్లీ 1820లో ఇంగ్లండులోని బోల్టను పట్టణమున జన్మించినాడు. చిన్ననాడే మాంచెస్టరు నగరములో ముద్రణ, చెక్కడపు పనులకు కుదిరినాడు. పగలు పని, సాయంకాలము చదువు. రసాయనము, వృక్షశాస్త్రము, సూక్ష్మదర్శిని వాడుట అతడు ఆ విధముగానే నేర్చినాడు. ముప్పదియైదేండ్ల వయస్సులో, 1855లో, చేతిలోని వృత్తిని విడిచి వైద్య విద్యార్థి అయినాడు. 1858లో పట్టము పొంది, మాంచెస్టరులోని హ్యూము పేటలో వైద్యము ప్రారంభించినాడు. అతడు అక్కడ వైద్యము చేయుచున్న దినములలోనే, 1861 నుండి 1865 వరకు, అమెరికాలో అంతర్యుద్ధము జరిగినది. అక్కడి ప్రత్తి రాక మాంచెస్టరు ప్రాంతపు మిల్లులు మూతపడినవి. భారతదేశపు ప్రత్తికి గిరాకి పెరిగినది. నల్లరేగడి నేలల రైతుకు మాంచెస్టరు పేరు అట్లు పరిచితమైనది.

అతడు అవలంబించిన హోమియో పద్ధతికి మూలసూత్రము ఒక్కటే: ఏ వస్తువు ఆరోగ్యవంతునిలో ఏ లక్షణములు పుట్టించునో, అట్టి లక్షణములు గల రోగికి అదే వస్తువు అత్యల్పముగా ఔషధమగును. ఉల్లిపాయ తరిగినచో కండ్లు, ముక్కు కారును. కనుక ముక్కు కారు రోగికి ఉల్లినుండి చేసిన మందు ఇత్తురు. మిరపకాయ కూడ ఆ వైద్యుల మందుల పెట్టెలో చేరినది. నాటి ఇంగ్లీషు వైద్య సంఘములు హోమియో వారిని పంక్తిలో కూర్చుండనీయలేదు. బ్లాక్లీ పరిశోధనకు పూనుకొన్నది ఆ వెలి బ్రతుకులోనే.

అంతకు పూర్వమే, 1819లో, జాన్ బోస్టాకు అను లండను వైద్యుడు తన వ్యాధినే తాను వర్ణించినాడు. దానికి కారణము ఎండవేడి అని కొందరు, వెలుతురని కొందరు, ఓజోను వాయువని కొందరు, ఎండుగడ్డి పరిమళమని కొందరు వాదించినారు. పుప్పొడిని అనుమానించినవారును లేకపోలేదు. కాని ఎవరును పరీక్షించి తేల్చలేదు.

1859లో బ్లాక్లీ పిల్లలు తెచ్చి పూలకుండీలో పెట్టిన ఎండుగడ్డి గుత్తి ఒకటి అతని ఇంట ఉన్నది. దానిని కదలించగా సన్నని ధూళి రేగినది. వెంటనే తుమ్ములు ముంచుకొని వచ్చినవి. అతడు ఆ ధూళిని సూక్ష్మదర్శిని క్రింద పెట్టి చూచినాడు. అది పుప్పొడి.

ఇంకొకడైనచో అంతటితో తృప్తి పడియుండును. బ్లాక్లీ తృప్తి పడలేదు. వేడిని, వెలుతురును, ఓజోనును, ఎండుగడ్డికి పరిమళమిచ్చు కూమరిన్ అను పదార్థమును ఒక్కొక్కటిగా తనపై ప్రయోగించి చూచినాడు. అవి ఆ వ్యాధిని పుట్టింపలేదు. పిదప అనేక జాతుల మొక్కల పుప్పొడిని ముక్కులో, కంటిలో వేసికొన్నాడు. చర్మమును గీరి, తడిపిన పుప్పొడిని అద్దినాడు. ఆ చోట దురద పుట్టి దద్దురు లేచినది. నేడు ఎలర్జీ వైద్యులు ముంజేతిపై చేయు పరీక్షకు ఇదియే ఆద్యము. ప్రతి ప్రయోగమునకు రోగి తానే, వైద్యుడు తానే.

తరువాత గాలిని కొలుచుటకు పూనుకొన్నాడు. జిగురు పూసిన గాజుపలకలను మనిషి ఊపిరి పీల్చు ఎత్తున దినమంతయు నిలిపి, వానికి అంటిన పుప్పొడి రేణువులను లెక్కించినాడు. గాలిపటములకు పలకలు కట్టి వెయ్యి అడుగులకు పైగా ఎగురవేసినాడు. నేలకు చేరువ గాలిలో కంటె పైగాలిలోనే పుప్పొడి మెండుగ ఉన్నది. పొలము చూడని పట్టణవాసికి ఆ వ్యాధి ఎట్లు వచ్చుచున్నదో దీనితో తేటపడినది. లెక్క హెచ్చిన దినమున అతని తుమ్ములు హెచ్చినవి, లెక్క తగ్గగా తగ్గినవి.

1873లో ఈ పరిశోధన గ్రంథరూపమున వెలువడినది. చార్లెస్ డార్విను దానిని చదివి అతనికి లేఖ వ్రాసినాడు. ఆ గ్రంథములో ఒక చిక్కుముడి కలదు. పుప్పొడి మధ్యనే బ్రతుకు రైతుకు ఈ వ్యాధి అరుదు; విద్యావంతుడైన పట్టణవాసికి అధికము. నిత్య పరిచయము వలన రైతు శరీరము పుప్పొడికి అలవాటు పడినదేమో యని బ్లాక్లీ ఊహించినాడు. ఆ ప్రశ్న నేటికిని శాస్త్రజ్ఞులను విడువలేదు.

కారణము దొరికినది, మందు మాటయేమి? 1880లో వెలువడిన అతని రెండవ గ్రంథము పేరులోనే చికిత్సతో పాటు నివారణ అను మాట చేరినది. పుప్పొడిని ముక్కు చేరనీయకుండుటయే దాని సారము. 1900లో బ్లాక్లీ మరణించినాడు. 1911లో లండనులో లెనార్డు నూను గడ్డి పుప్పొడి సారమును కొలత ప్రకారము కొద్దికొద్దిగా పెంచుచు సూదిమందుగా ఇచ్చి రోగులను దానికి అలవాటు పరచినాడు. పైకి ఇది హోమియో సూత్రము వలె తోచును. కాని నూను మందులో పుప్పొడి పదార్థము నిజముగా ఉన్నది. ముప్పదిసార్లు నూరింతలుగా పలుచన చేసిన హోమియో మందులో ఒక్క అణువైన మిగులునను ఆశ లేదు. 1986లో గ్లాస్గోలో అట్టి మందు రోగులకు మేలు చేసినట్లు ఒక పరీక్ష ప్రకటితమైనది. అయితే ఇంటి దుమ్ము పురుగు పడని ఉబ్బస రోగులపై జరిగి 2002లో వెలువడిన పరీక్షలో అట్టి మందునకును ఉత్త గుళికకును భేదము కానరాలేదు. 2015లో ఆస్ట్రేలియా ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి సాక్ష్యములన్నియు పరిశీలించి, ఏ వ్యాధికిని హోమియో పనిచేయునని నమ్మదగిన ఆధారము లేదని తేల్చినది. బ్లాక్లీ నమ్మిన వైద్యము నిలువలేదు. అతడు లెక్కించిన రేణువులు నిలిచినవి.

గుంటూరు, ప్రకాశం మైదానములలో ఇంగ్లండు గడ్డిమైదానములు లేవు. కాని గట్లపై వయ్యారిభామ పూయుచున్నది. బీళ్ళలో సర్కారు తుమ్మ పూయుచున్నది. రెండింటి పుప్పొడియు పడనివారు కలరు. జిన్నింగు మిల్లు దుమ్ము వేరు, మిరప ఘాటు వేరు, పుప్పొడి వేరు. ఏ నెలలో, ఏ వేళ, ఏ గాలికి తుమ్ము వచ్చుచున్నదో గుర్తించి వ్రాసికొన్నవాడు సగము వైద్యుడు. ముక్కుకు గుడ్డ కట్టుట, పొలమునుండి రాగానే స్నానము చేయుట, కాచి చల్లార్చిన ఉప్పునీటితో ముక్కు కడుగుకొనుట కొంత ఉపశమనము నిచ్చును. కాని పిల్లికూతలు మొదలై ఊపిరి అందనివానికి గుళికలతో కాలయాపన తగదు. అతనిని ఆసుపత్రికి చేర్చవలెను. తన నమ్మకమును పక్కనపెట్టి తన తుమ్మును లెక్కించిన ఆ మాంచెస్టరు వైద్యుని జీవితము నేర్పు పాఠమిదియే: మందుకు ముందు కారణము.