విశాఖ ఉక్కుకు పోరాడిన తెన్నేటి విశ్వనాథం

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేవరకు పద్మపూర్, గుణుపురం, రాయగడ ప్రాంతాలు విశాఖపట్నం జిల్లాలోనివే. అందుచేత ఆనాటి విశాఖ నాయకులు మన పెద్దలకు పరాయివారు కారు. వారిలో ముఖ్యులు తెన్నేటి విశ్వనాథం.

1895లో విశాఖ జిల్లా లక్కవరంలో జన్మించిన ఆయన వృత్తిచేత న్యాయవాది. స్వాతంత్ర్యోద్యమంలో కారాగారవాసం అనుభవించారు. టంగుటూరి ప్రకాశం పంతులుగారికి నమ్మకమైన అనుచరులు. 1953లో ఆంధ్రరాష్ట్రం అవతరించినప్పుడు పంతులుగారి మంత్రివర్గంలో పనిచేశారు. పంతులుగారి ఆత్మకథ ‘నా జీవితయాత్ర’కు చివరి భాగం రాసినదీ ఈయనే.

అయితే జనం ఆయనను తలచుకొనేది ఉక్కు విషయంలోనే. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని కొరాపుట్ కొండల మీదుగా విశాఖ రేవుకు చేర్చి జపానుకు పంపడానికి 1960వ దశకంలో రైలుమార్గం వేశారు. ముడిఖనిజం ఓడలెక్కిపోవడమేనా, ఇక్కడే ఉక్కు చేయకూడదా అన్న ప్రశ్న సహజంగానే పుట్టింది. సముద్రతీర కర్మాగారానికి విశాఖయే తగినదని 1965లో బ్రిటిష్-అమెరికన్ నిపుణుల బృందం సిఫారసు చేసింది. కేంద్రం మాత్రం తేల్చలేదు.

1966 అక్టోబరు 15న టి. అమృతరావు నిరాహారదీక్షకు కూర్చున్నారు. అఖిలపక్ష ఉద్యమానికి డెబ్బయ్యేళ్ళు దాటిన విశ్వనాథంగారు నాయకత్వం వహించారు. నవంబరు 1న విశాఖలో పోలీసులు కాల్పులు జరిపారు. ఉద్యమకాలంలో రాష్ట్రమంతటా 32 మంది ప్రాణాలు కోల్పోయారు. దీక్ష నవంబరు 3న ముగిసినా కర్మాగారం మాట తేలలేదు. 1967 ఎన్నికలలో విశాఖ ప్రజలు విశ్వనాథంగారిని లోక్‌సభకు పంపారు. 1970 ఏప్రిల్ 17న ప్రధాని ఇందిరాగాంధీ పార్లమెంటులో కర్మాగారాన్ని ప్రకటించారు. 1971 జనవరి 20న శంకుస్థాపన చేశారు.

ఆ విజయానికి మరో ముఖం ఉంది. కర్మాగారం కోసం 64 గ్రామాలవారు భూములు వదులుకున్నారు. వారందరికీ ఉద్యోగాలు దక్కలేదు. మాచ్‌ఖండ్ జలాశయం కింద ఊళ్ళు పోగొట్టుకున్న కొరాపుట్ కుటుంబాలకు ఈ బాధ విడమరచి చెప్పనక్కరలేదు. ఉక్కు చరిత్ర చెప్పుకొనేటప్పుడు కాల్పులలో నేలకొరిగినవారితోపాటు వీరినీ లెక్కించడం న్యాయం.

శంకుస్థాపన తరువాత పనులు ఏళ్ళ తరబడి నత్తనడక నడిచాయి. విశ్వనాథంగారు 1979లో కన్నుమూశారు. తొలి కొలిమి వెలిగినది 1990లో. కర్మాగారం జాతికి అంకితమైనది 1992లో. విశాఖ సాగరతీరాన ఆయన పేరిట తెన్నేటి పార్కు ఉంది.